పిల్లల్ని కొండలకి, నదులకి తీసుకెళ్లే క్యాంపుల వల్ల నిజంగా ఏం ఒరుగుతుంది?

వానచినుకు

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. వాళ్ల స్కూల్లో ఈసారి పది రోజుల అవుట్‌డోర్ క్యాంపు పెడుతున్నారు. కొండలెక్కడం, తాడు సాయంతో రాతి మీంచి దిగడం, నదిలో కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) నడపడం, ఆఖర్న రెండు రాత్రులు టెంట్లలో మకాం. పంపాలా వద్దా అని ఇంట్లో రోజూ ఇదే చర్చ.

వాడు నెమ్మదస్తుడు. ఆటల్లో ముందుండే రకం కాదు. నలుగురిలో నోరు తెరవాలంటే గొంతు పెగలదు. స్కూలు వాళ్లిచ్చిన కాగితంలో ఆత్మవిశ్వాసం, నాయకత్వం, కలిసి పనిచేసే గుణం అన్నీ పెరుగుతాయని రాశారు. పది రోజుల్లో ఇవన్నీ ఎలా పెరుగుతాయో నాకు అంతుపట్టడం లేదు. వాడిని అడిగితే "చూద్దాం" అంటాడు తప్ప అవునని గానీ కాదని గానీ అనడు. ఫోన్ తీసుకెళ్లకూడదన్నది వాడి బాధ. ఏదైనా జరిగితే ఎలా అన్నది నా టెన్షన్.

ఇలాంటి క్యాంపులకి పిల్లల్ని పంపినవాళ్లు, వెళ్లొచ్చినవాళ్లు, అక్కడ పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పిల్లవాడికి పెద్దగా ఇష్టం లేకపోయినా పంపొచ్చా అన్నది కూడా చెప్పండి.

కొండబాట

చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నానండి, ఇన్‌స్ట్రక్టర్‌గా. ఆ కాగితాల్లో రాసే పెద్ద మాటలు పక్కన పెట్టి అక్కడ ఏం జరుగుతుందో చెప్తాను.

రాక్ క్లైంబింగే తీసుకోండి. పైకెక్కే పిల్లవాడి నడుముకి హార్నెస్ అనే గట్టి పట్టీలు, వాటికి తాడు. ఆ తాడు పైన రాతికి గట్టిగా బిగించిన యాంకర్ మీదుగా తిరిగి కిందికొచ్చి, కింద నిలబడ్డ ఇంకో పిల్ల చేతిలో ఉంటుంది. ఆ పనిని బిలే అంటాం. పైవాడు ఒక అడుగు వేస్తే, కింది పిల్ల ఆ మేరకు తాడు లాగి బిగించాలి. బ్రేకు చెయ్యి తాడుని ఒక్క క్షణం కూడా వదలకూడదు. మొదలెట్టే ముందు ఇద్దరూ ఒకరినొకరు తనిఖీ చేసుకుంటారు. బకిల్ బిగిసిందా, ఎనిమిది అంకె ఆకారంలో వేసే ఫిగర్ ఎయిట్ ముడి సరిగ్గా పడిందా, కారబైనర్ అనే లోహపు కొక్కెం లాక్ అయిందా అని చేత్తో తడిమి చూడాలి, కంటితో చూస్తే సరిపోదు. తర్వాత "బిలే రెడీనా?" "రెడీ." "ఎక్కుతున్నా." "ఎక్కు." ఈ నాలుగు మాటలూ గట్టిగా వినపడేదాకా ఎవరూ కదలరు. వెనకాల అదే తాడు కొసని నేను బ్యాకప్‌గా పట్టుకునే ఉంటాను.

ఇప్పుడు పైవాడి కాలు జారిందనుకోండి. తాడు బిగుసుకుంటుంది, కింది పిల్ల ఒక్కసారి ముందుకి ఊగుతుంది. తోటివాడి బరువు మొత్తం తన నడుముకి, తన చేతులకి తెలుస్తుంది. వాడు పడలేదు, కారణం తను పట్టుకుంది. క్లాసులో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే పిల్ల ముఖంలో ఆ క్షణాన వచ్చే మార్పు కోసమే నేనింకా ఈ పనిలో ఉన్నాను. ఎవరూ మార్కులు వేయలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. అయినా తను చేసిన పని ఫలితం తన కళ్ల ముందే ఉంది.

ఇంకో సంగతి. పది రోజుల క్యాంపంటే మొదటి మూడు నాలుగు రోజులు అన్నీ మేమే చెప్తాం. ఆ తర్వాత కొంచెం కొంచెంగా పక్కకి తప్పుకుంటాం. చివరి యాత్రలో ఏ దారిన పోవాలి, ఎక్కడ ఆగాలి, వంట ఎవరు చెయ్యాలి, అలిసిపోయినవాడి బ్యాగులో బరువు ఎవరెవరు పంచుకోవాలి, అంతా పిల్లలదే. మేం వెనకాల కనపడీ కనపడనట్టు నడుస్తాం. ప్రమాదం ఉన్న చోట తప్ప నోరు విప్పం. ఇలా పగ్గాలు పిల్లల చేతికివ్వడం మీ స్కూలు వాళ్ల ప్రోగ్రాంలో ఉందా అని అడగండి. లేకపోతే అది మంచి పిక్నిక్ మాత్రమే.

లెక్కల_మాష్టారు

నేను టీచర్ని. మా పిల్లల్ని ఇలాంటి క్యాంపులకి తీసుకెళ్లి తీసుకొచ్చిన అనుభవంతో చెప్తున్నా. తిరిగొచ్చే బస్సులో అందరూ కళ్లనీళ్లు పెట్టుకుంటారు, ఒకరి చొక్కా మీద ఒకరు సంతకాలు చేసుకుంటారు, "నా జీవితం మారిపోయింది" అంటారు. రెండు వారాల తర్వాత చూస్తే అదే క్లాసు, అవే గ్రూపులు. వెలివేతకి గురయ్యే పిల్ల మళ్లీ ఒంటరిగానే కూర్చుంటుంది.

కొండబాట గారూ, మీరు చెప్పిన దృశ్యం నిజమే, కాదనను. తాడు పట్టుకున్న పిల్ల తాడు పట్టుకోవడం నేర్చుకుంది, బాగుంది. అక్కడి ధైర్యం పరీక్ష హాల్లోకీ ఇంట్లోకీ నడిచొస్తుందని ఎలా అంటాం? క్యాంపు ఆఖరి రోజున ఆనందంలో మునిగి ఉన్న పిల్లవాడి చేతికి ఫారం ఇచ్చి "నీ ఆత్మవిశ్వాసం పెరిగిందా?" అని అడిగితే ఎవడైనా పెరిగిందనే టిక్కు పెడతాడు. దాన్ని నేను సాక్ష్యంగా తీసుకోను.

చదువరి

మాష్టారు గారి అనుమానం న్యాయమైనదే. నేను విద్యారంగ పరిశోధనలో ఉన్నాను కాబట్టి తెలిసినంతవరకు చెప్తాను.

ఈ విషయంలో ఇప్పటికీ అందరూ ముందుగా ఎత్తేది 1997లో జాన్ హాటీ, హెర్బర్ట్ మార్ష్, జేమ్స్ నీల్, గ్యారీ రిచర్డ్స్ కలిసి చేసిన విశ్లేషణ. అప్పటివరకు వచ్చిన 96 అధ్యయనాల్ని, సుమారు 12,000 మంది పాల్గొన్నవాళ్ల ఫలితాల్ని ఒకచోట చేర్చి లెక్క తీశారు. ప్రోగ్రాం ముగిసేనాటికి సగటు ప్రభావం 0.34 అని తేలింది. అంటే వందమంది వరసలో సరిగ్గా మధ్యన ఉన్న పిల్లవాడు దాదాపు 63 మందిని దాటినట్టు. చిన్నదీ కాదు, అద్భుతమూ కాదు. తరగతి గదిలో చేసే మంచి ప్రయత్నాలు చాలావాటికి కూడా ఈ మాత్రం ఫలితం ఉంటుంది.

నన్ను ఆపి ఆలోచింపజేసింది దాని తర్వాతి అంకె. మామూలుగా ఏ శిక్షణ అయినా ముగిశాక నెలలు గడిచేకొద్దీ ప్రభావం కరిగిపోతుంది. ఇక్కడ కొన్నాళ్లకి మళ్లీ కొలిస్తే తగ్గకపోగా ఇంకో 0.17 కలిసింది. బస్సులో కన్నీళ్లే మొత్తం కథ అయితే అలా జరగకూడదు కదా. ఎక్కువ మార్పు కనిపించింది కూడా స్వతంత్రంగా ఉండటం, నిర్ణయాలు తీసుకోవడం, తన మీద తనకి అదుపు ఉందన్న నమ్మకం, ఇలాంటి చోట్ల.

అలాగని దీన్ని పట్టుకుని వానచినుకు గారికి భరోసా ఇచ్చేయలేం. అదే విశ్లేషణ చెప్పిన మిగతా మాటలు కూడా వినాలి. ఇరవై రోజులు దాటిన ప్రోగ్రాంలకి ఎక్కువ ఫలితం, చిన్నవాటికి తక్కువ. స్కూలు పిల్లల కన్నా పెద్దవాళ్లలో ఎక్కువ మార్పు. ఒక ప్రోగ్రాంకీ ఇంకోదానికీ మధ్య తేడా కూడా చాలా ఎక్కువ. పైగా ఆ అధ్యయనాల్లో చాలావాటికి పోల్చి చూసుకోడానికి క్యాంపుకి వెళ్లని బృందం లేదు, కొలిచింది కూడా ఎక్కువగా పిల్లలు తమ గురించి తాము చెప్పుకున్నదే. కాబట్టి "అడ్వెంచర్ క్యాంపు మంచిదా?" అని అడిగితే జవాబు రాదు. ఈ క్యాంపులో ఏం చేస్తారు, ఎవరు చేయిస్తారు అన్నదే అడగాలి.

పాతసంచి

అసలు ఇది ఎక్కడ మొదలైందో చూస్తే కొన్ని విషయాలు తేలికగా అర్థమవుతాయి. కుర్ట్ హాన్ అనే జర్మన్ విద్యావేత్త ఉండేవాడు. 1920లో సేలం పాఠశాల నెలకొల్పడంలో ముఖ్యుడు. నాజీలని బాహాటంగా ఎదిరించినందుకు 1933లో జైల్లో పెట్టారు. బయటపడి బ్రిటన్ చేరి, 1934లో స్కాట్లండ్‌లో గోర్డన్‌స్టన్ పాఠశాల ప్రారంభించాడు. తర్వాత రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1941లో, ఓడల కంపెనీ యజమాని లారెన్స్ హోల్ట్‌తో కలిసి వేల్స్ తీరంలోని అబర్‌డవీలో అవుట్‌వార్డ్ బౌండ్ అనే సాహస శిక్షణ బడి మొదలుపెట్టాడు. ఓడ మునిగినప్పుడు లైఫ్‌బోట్లలో కండబలం ఉన్న కుర్ర నావికులు చనిపోతున్నారనీ, సముద్రం తెలిసిన ముసలి నావికులు బతికి బయటపడుతున్నారనీ హోల్ట్ గమనించాడంటారు. తట్టుకోగలనన్న నమ్మకం కుర్రవాళ్లకి ముందే రుచి చూపించాలన్నది ఆ నెల రోజుల కోర్సు ఉద్దేశం.

చాలామంది వదిలేసే ముక్క ఒకటుంది. హాన్ దృష్టిలో సాహసం సగమే. మిగతా సగం సేవ. గోర్డన్‌స్టన్ పిల్లలు తీరరక్షణ కాపలా కాసేవారు, అగ్నిమాపక పనులు నేర్చుకునేవారు. ఇంకొకరి ప్రాణం కాపాడే పనిలో ఉన్నప్పుడు పిల్లవాడిలో వచ్చే మార్పు ఇంక దేనితోనూ రాదని ఆయన గట్టిగా నమ్మాడు. ఆయన ప్రేరణతోనే 1956లో బ్రిటన్‌లో కుర్రకారు కోసం వచ్చిన డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డులో యాత్రతో పాటు స్వచ్ఛంద సేవ కూడా తప్పనిసరి భాగం. ఇప్పటి క్యాంపులు చాలావరకు ఆ సేవని కోసేసి తీగకి వేలాడుతూ జారే జిప్‌లైన్ మాత్రం ఉంచుకున్నాయి. నా బాధ అదే.

ఎగిరేగాలి

ఇక్కడ అందరూ పెద్దవాళ్లే రాస్తున్నారు, వెళ్లొచ్చిన పిల్లగా నా మాట కూడా వినండి. ఇప్పుడు కాలేజీలో ఉన్నాను. స్కూల్లో ఉన్నప్పుడు క్యాంపులో నన్ను ఎత్తైన రాతి మీంచి రాపెల్లింగ్, అంటే తాడుతో దిగడం, చేయించారు. అంచున నిలబెట్టి వెనక్కి వాలమన్నారు. నా వల్ల కాదన్నాను. ఇన్‌స్ట్రక్టర్ నవ్వి, కింద ఉన్నవాళ్లందరితో నా పేరు పెట్టి అరిపించాడు. "ఐదు, నాలుగు, మూడు..." అని లెక్కపెట్టారు. అరవై మంది కింద నుంచి చూస్తున్నారు. దిగాను. దిగకపోతే ఇంకా అవమానం కాబట్టి దిగాను. కిందికొచ్చాక కాళ్లు నిలవలేదు. అందరూ చప్పట్లు కొట్టి వీపు తట్టారు, ఫోటో తీశారు. ఆ ఫోటో స్కూలు పత్రికలో "భయాన్ని జయించిన విద్యార్థిని" అని వచ్చింది.

నేను దేన్నీ జయించలేదు. నాకు తెలిసొచ్చింది ఏంటంటే, నేను వద్దన్నా ఎవరూ వినరని. ఇప్పటికీ మేడ మీద పిట్టగోడ దగ్గరికి వెళ్లను. ఆంటీ, మీ అబ్బాయి "చూద్దాం" అంటున్నాడంటే దానర్థం ఏంటో ముందు వాడినే కూర్చోబెట్టి అడగండి.

కొండబాట

ఎగిరేగాలి, నీకు జరిగింది తప్పమ్మా. ఆ ఇన్‌స్ట్రక్టర్ చేసింది ఈ రంగంలో యాభై ఏళ్లుగా చెయ్యొద్దని చెప్తున్న పని.

1971లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక హైస్కూల్లో ప్రాజెక్ట్ అడ్వెంచర్ అని మొదలైంది. యాత్రల్లో నేర్పేదాన్ని స్కూలు ఆవరణలోకి తేవాలన్నది వాళ్ల ప్రయత్నం. అక్కడి కార్ల్ రోంకీ ద్వారా ప్రచారంలోకి వచ్చిన సూత్రం "ఛాలెంజ్ బై చాయిస్". ఎంతవరకు వెళ్లాలో పిల్లే నిర్ణయించుకుంటుంది. దీన్ని కొందరు "ఇష్టం లేకపోతే పక్కన కూర్చో" అని తీసుకుంటారు, అది కూడా తప్పే. అంచుదాకా వచ్చి తాడు బరువు తెలుసుకుని వెనక్కి వెళ్లడం ఒక ఎంపిక. ముందు చిన్న రాయి మీద వాలడం ఒక ఎంపిక. ఈరోజు కింద తాడు పట్టుకుంటాను, రేపు చూస్తాను అనడం ఒక ఎంపిక. పిల్ల "ఇక్కడిదాకా చాలు" అని నలుగురి ముందు ధైర్యంగా చెప్పగలిగితే, నా దృష్టిలో ఆరోజు తను కిందికి దిగినవాళ్ల కన్నా తక్కువేం నేర్చుకోలేదు.

మా దగ్గర పేరు పెట్టి అరవడం, లెక్కపెట్టడం నిషేధం. కొత్తగా చేరిన ఇన్‌స్ట్రక్టర్లకి మొదటి రోజే చెప్తాం.

చదువరి

దీనికి చిన్న చేర్పు. "సుఖంగా ఉన్న చోటు దాటి బయటికి తోస్తేనే ఎదుగుతారు" అని శిక్షకులు బొమ్మలు గీసి మరీ చెప్తుంటారు. లోపల ఒక వృత్తం, బయట భయం వృత్తం. దానికి ఆధారంగా, ఒత్తిడి ఒక మేర దాకా పెరిగితే పని మెరుగవుతుందనీ అది దాటితే చెడుతుందనీ చెప్పే యెర్క్స్, డాడ్సన్ సూత్రాన్ని చూపిస్తారు. 1908 నాటి ఆ ప్రయోగం ఎలుకల మీద చేసింది, కరెంటు షాకులిచ్చి నలుపు తెలుపు పెట్టెల మధ్య తేడా నేర్పారు. కొండ అంచున వణుకుతున్న పదమూడేళ్ల పిల్లకి అది కొలబద్ద కాదు. నమ్మకం ఉన్న మనుషుల మధ్య ఉన్నామన్న ధీమా ఉంటే పిల్లలు తమంతట తామే ముందుకి జరుగుతారు. భయపెడితే వచ్చేది విధేయత మాత్రమే.

నీలాంబరి

ఆడపిల్లల తల్లిగా కొన్ని విషయాలు అడుగుతాను, ఎవరూ ఎత్తలేదు కాబట్టి. మా అమ్మాయి మొదటిసారి వెళ్లినప్పుడు నాకున్న పెద్ద ప్రశ్న కొండ గురించి కాదు, నెలసరి గురించి. బాత్రూం లేని చోట రెండు రోజులు ఉండాలంటే ఎలా? ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి? అదృష్టం కొద్దీ వాళ్ల బృందంలో ఒక మహిళా ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారు. బయల్దేరే ముందు పిల్లలందరితో, అబ్బాయిలతో సహా, మామూలు విషయంలా మాట్లాడారట. వాడిన ప్యాడ్లు పెట్టుకోవడానికి లోపల కనపడకుండా టేపు చుట్టిన జిప్ కవరు, చేతులు కడుక్కునే శానిటైజర్, అదనపు బట్టలు ఒక్కొక్కరికీ చిన్న సంచిలో సర్ది ఇచ్చారు. చెత్తంతా తిరిగి మోసుకురావాలి, అక్కడ వదలకూడదు.

ఇది చిన్న విషయం అనుకోకండి. ఈ భయంతోనే చాలామంది ఆడపిల్లలు కడుపునొప్పి అని చెప్పి మానేస్తారు. మా అమ్మాయి తిరిగొచ్చాక నాతో కన్నా వాళ్ల నాన్నతో ఆ మాట సులువుగా మాట్లాడగలిగింది. శిఖరం ఎక్కిందా లేదా అన్నది నేను అడగనే లేదు.

తాడుముడి

వానచినుకు గారి టెన్షన్ గురించి ఎవరూ సూటిగా మాట్లాడలేదు. నేను కొండ ప్రాంతాల్లో రెస్క్యూ పనుల్లో పాలుపంచుకుంటాను. ప్రమాదాలు జరుగుతాయి. ఎలా జరుగుతాయో తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది.

1971 నవంబరులో స్కాట్లండ్‌లోని కైర్న్‌గార్మ్ పీఠభూమి మీద మంచు తుఫానులో ఒక స్కూలు బృందం చిక్కుకుంది. ఐదుగురు విద్యార్థులు, వాళ్లతో ఉన్న ఒక యువ సహాయకురాలు చనిపోయారు. చేరుకోవాలనుకున్న చిన్న గుడిసె ఆ తెల్లటి మంచులో కనపడలేదు. పిల్లల్ని చలికాలపు కొండలకి తీసుకెళ్లే లీడర్లకి ఎలాంటి అర్హత ఉండాలన్న చర్చ బ్రిటన్‌లో ఆ తర్వాత బాగా గట్టిపడింది.

1993 మార్చిలో ఇంగ్లండ్ దక్షిణ తీరంలో లైమ్ బే దగ్గర కయాకింగ్‌కి వెళ్లిన విద్యార్థుల్లో నలుగురు చనిపోయారు. అది కేవలం అలల వల్ల జరిగింది కాదు. ఇన్‌స్ట్రక్టర్లకి సముద్రంలో నడిపించే అర్హత లేదు. సాయం కోసం సంకేతమిచ్చే ఫ్లేర్లు లేవు. పిల్లలు రావాల్సిన వేళకి రాకపోయినా తీరరక్షకులకి చాలా ఆలస్యంగా కబురందింది. అంతకుముందే అక్కడ పనిచేసి మానేసిన ఇన్‌స్ట్రక్టర్లు భద్రత బాగాలేదని ఉత్తరం రాసి హెచ్చరించారు కూడా. ఆ సంస్థ డైరెక్టర్‌కి జైలుశిక్ష పడింది. 1995లో బ్రిటన్ పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, పిల్లలకి ఇలాంటి కార్యక్రమాలు నిర్వహించే కేంద్రాలకి లైసెన్సు తప్పనిసరి చేసింది.

రెండు చోట్లా బండరాయో అలో ఒక్కటే చంపలేదు. వాతావరణం చూసి వెనక్కి తిరగాల్సిన చోట తిరగలేదు, లేదా తిరగమని చెప్పగల మనిషి అక్కడ లేడు.

కాబట్టి స్కూలుని ఇవి అడగండి. పిల్లలతో ఉండే లీడర్‌కి సరిగ్గా ఆ పనిలోనే అర్హత ఉందా? కొండకి ఉన్న సర్టిఫికెట్ నదికి పనికిరాదు. రోడ్డుకి దూరంగా ఉన్నప్పుడు చేయాల్సిన ప్రథమ చికిత్సలో శిక్షణ ఉందా? ఫోన్ సిగ్నల్ లేని చోట ఎవరితో ఎలా మాట్లాడతారు, గంట ఆలస్యమైతే కింద ఎవరు కదులుతారు? త్రుటిలో తప్పిన ప్రమాదాల్ని ఎక్కడైనా రాసి పెడుతున్నారా? అన్నిటికన్నా ముఖ్యంగా, "ఈ మధ్య మీరు మధ్యలో ఆపేసి వెనక్కి వచ్చిన ట్రిప్పు గురించి చెప్పండి" అనండి. మంచి సంస్థ అయితే వెంటనే ఒకటి చెప్తుంది. "మాకు అలాంటి అవసరం ఎప్పుడూ రాలేదండి" అంటే మాత్రం పంపకండి.

లెక్కల_మాష్టారు

తాడుముడి గారి పోస్టు ప్రింటు తీసి మా స్టాఫ్‌రూంలో పెడతాను.

నా ప్రశ్న మాత్రం ఇంకా అలాగే ఉంది. చదువరి గారు చెప్పిన ఆ తర్వాత పెరిగిన 0.17 ఎక్కడినుంచి వచ్చింది? క్యాంపులో జరిగింది ఇంటికి ఎలా వస్తుంది?

కొండబాట

మాష్టారూ, దానికి నా దగ్గరున్న జవాబు సాయంత్రం వేళ జరిగే మాటలు. డీబ్రీఫింగ్ అంటాం.

ఒకసారి ఒక బృందం దారి తప్పింది. మ్యాప్ ఒకడి చేతిలోనే ఉంది, వాడు గట్టిగా మాట్లాడే రకం. మ్యాప్‌లో ఒకే ఎత్తున్న చోట్లని కలిపే కాంటూర్ గీతలు దగ్గరదగ్గరగా ఉన్న చోట నిటారు వాలు ఉంటుందని ఒక అమ్మాయికి తెలుసు. "ఇటు కాదేమో" అని ఒకసారి నెమ్మదిగా అంది. ఎవరూ వినలేదు. తను మళ్లీ అనలేదు. గంటన్నర పొదల్లో పడి కిందికి దిగి, మళ్లీ అంతా పైకెక్కాల్సి వచ్చింది. వెనకాల నడుస్తూ నేనది చూస్తూనే ఉన్నాను. ప్రమాదం లేదు కాబట్టి ఊరుకున్నాను.

రాత్రి అందరం గుండ్రంగా కూర్చున్నాం. తప్పెవరిది అని అడగలేదు. ఏం జరిగిందో ఒక్కొక్కరూ చెప్పండి అన్నాను. ఆ అమ్మాయి తను అన్న మాట చెప్పింది. మ్యాప్ పట్టుకున్నవాడు నిజంగా ఆశ్చర్యపోయాడు, "నాకు వినపడలేదు" అన్నాడు. ఇంకొకడు "నాకు వినపడింది, కానీ నువ్వు ఒక్కసారే అన్నావు, నీకే నమ్మకం లేదనుకున్నా" అన్నాడు. అప్పుడు రెండో ప్రశ్న: ఇలా ఇంకెక్కడ జరుగుతుంది? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ అమ్మాయే "క్లాసులో జవాబు తెలిసినా చెయ్యెత్తను" అంది. ఇంకో అబ్బాయి "మా ఇంట్లో అమ్మ మాట ఇలాగే ఎవరూ వినరు" అన్నాడు. మర్నాటికి వాళ్లే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి మలుపు దగ్గరా ఆగి, మ్యాప్ చేతులు మారాలి, అందరూ ఒక మాట చెప్పాకే కదలాలి.

ఏం జరిగింది, దాంతో మనకేం తెలిసింది, ఇకపై ఏం చేద్దాం. ఈ మూడు ప్రశ్నలు అడిగే ఓపిక లేకపోతే దారి తప్పడం ఒట్టి అలసటే.

తరంగిణి

నాకు అవకాశమిస్తే ఇక్కడ కొంచెం విభేదిస్తాను. నేను వెళ్లిన క్యాంపులో రోజూ రాత్రి ఈ గుండ్రంగా కూర్చోవడం ఉండేది. నిద్రకి కళ్లు మూసుకుపోతుంటే "నువ్వేం ఫీలయ్యావు?" అని అడిగేవారు. మూడో రోజుకల్లా వాళ్లకి ఏ జవాబు కావాలో కనిపెట్టి అదే చెప్పేసేవాళ్లం. నాకు మిగిలింది వేరే. సోలో అని ఒక పగలూ రాత్రీ ఒక్కొక్కరినీ విడివిడిగా, ఒకరికొకరు కనపడనంత దూరంలో ఉంచారు. విజిల్ ఊదితే లీడర్ వచ్చేంత దూరం. తలమీద ఒక ప్లాస్టిక్ పట్టా, నీళ్లు, ఒక నోటుపుస్తకం, అంతే.

ఫోన్ లేకపోయేసరికి మొదటి గంటల్లో చెయ్యి ఊరికే జేబులోకి పోయేది. తర్వాత పిచ్చి బోరు. సాయంత్రానికి మాత్రం నా తలలో నడిచే మాటలు నాకే స్పష్టంగా వినపడ్డాయి. ఏ గ్రూపు తీసుకోవాలో, ఎవరి కోసం తీసుకుంటున్నానో ఆరోజే మొదటిసారి తిన్నగా ఆలోచించాను. దాని గురించి అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెప్పమని అడగనందుకు ఆ లీడర్‌కి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

చదువరి

తరంగిణి గారు లేవనెత్తింది ఈ రంగంలో పాత తగువే. కొండని మాట్లాడనిచ్చి మనం ఊరుకోవాలనే పక్షం ఒకటి, మాట్లాడించకపోతే అనుభవం గాలికి పోతుందనే పక్షం ఒకటి. 1980లోనే దీని మీద అవుట్‌వార్డ్ బౌండ్ లోపల గట్టి వాదన నడిచింది. నా మటుకు నాకు రెండూ కావాలనిపిస్తుంది, కానీ ఎప్పుడు ఏది అన్నది లీడర్ వివేకం. దారి తప్పడం నలుగురి మధ్య జరిగింది, అది నలుగురిలో మాట్లాడాలి. ఒంటరితనం ఆ పిల్లది.

మాష్టారి ప్రశ్నకి నా ఊహ చెప్తాను, రుజువుగా తీసుకోకండి. ఇంటికొచ్చాక ఆ పిల్లకి చెయ్యెత్తే సందర్భం దొరికి, ఎత్తినప్పుడు టీచర్ విని, దానివల్ల ఇంకోసారి ఎత్తితే, అప్పుడు పెరుగుతుంది. దొరక్కపోతే తరుగుతుంది. అంటే అందులో సగం బాధ్యత మనదే, క్యాంపుది కాదు.

సైకిల్_చక్రం

ఇంతసేపూ చదివాను. పది రోజుల క్యాంపుకి పంపే స్తోమత లేని ఇళ్ల పిల్లల మాటేమిటి? ఎదుగుదల కూడా కొనుక్కునేదైపోతే ఎలా?

1907లో స్కౌట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన బేడెన్ పావెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో పెట్టిన మొదటి స్కౌట్ శిబిరంలో ఇరవై మంది దాకా అబ్బాయిలు ఉంటే, ధనికుల బడి పిల్లలనీ కార్మికుల పిల్లలనీ కావాలనే కలిపి ఒకే టెంట్లలో ఉంచాడు. ఆ కలపడంలోనే ఎంతో చదువుంది. ఇప్పుడు ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఒకే రకం బ్యాగులు వేసుకుని వెళ్తున్నారు.

నేను మా వీధి పిల్లలతో చేసేది చాలా చిన్నది. నడిచి వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల చోటు ఒకటి వాళ్లనే ఎంచుకోమంటాను. దారి, నీళ్లు, ఎవరు ముందు, ఎవరు వెనక, వాన వస్తే ఏం చెయ్యాలి, అన్నీ ముందురోజే వాళ్లే కాగితం మీద రాస్తారు. నేను వెంట ఉంటాను, వెనక. తాళ్లూ హార్నెస్‌లూ లేవు. మరిచిపోయిన నీళ్ల సీసా వల్ల మధ్యాహ్నం అందరూ సర్దుకోవాల్సి వచ్చినప్పుడు కొండబాట గారు చెప్పినటువంటి మాటలే వస్తాయి.

చక్రాలదారి

నేను వీల్‌చైర్‌లో తిరిగే మనిషిని. చిన్నప్పుడు స్కూలు క్యాంపు రోజున నన్ను లైబ్రరీలో కూర్చోబెట్టేవారు, నా మంచికే అనుకుని. పెద్దయ్యాక ఒక బృందంతో కయాకింగ్‌కి వెళ్లాను. సీటు వెనక ఆనుకోవడానికి ఫోమ్ కట్టారు, తెడ్డు పట్టు కొంచెం మార్చారు, అంతే తేడా. నీళ్లలోకి దిగాక నేనూ మిగతావాళ్లూ ఒకే వేగం. వానచినుకు గారూ, మీ స్కూలు వాళ్లని ఇంకో ప్రశ్న కూడా అడగండి: క్లాసులో ఎవరినైనా వదిలేసి వెళ్తున్నారా అని. ఆ జవాబుని బట్టి వాళ్లు మీ నెమ్మదస్తుడైన అబ్బాయిని ఎలా చూసుకుంటారో తెలిసిపోతుంది.

వానచినుకు

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఈ చర్చంతా మా వాడికే చూపించాను. ఎగిరేగాలి రాసింది రెండుసార్లు చదివాడు. అప్పుడు బయటపడింది, వాడి "చూద్దాం" వెనక ఉన్నది కొండ కాదు. టెంట్‌లో ఎవరితో పడుకోబెడతారో అన్న భయం. క్లాసులో ఇద్దరు అబ్బాయిలు వాడిని ఏడిపిస్తున్నారట, ఏడాదిగా. నాకు ఇప్పుడే తెలిసింది.

నిన్న స్కూలుకి వెళ్లి మాట్లాడాం. కొండ లీడర్ల అర్హతలు చూపించారు, బాగానే ఉన్నాయి. నది లీడర్ల కాగితాలు ఇంకా రాలేదు, అవి చూశాకే సంతకం పెడతానన్నాను. ఆపేసిన ట్రిప్పు గురించి అడిగితే, పోయిన ఏడాది నీటిమట్టం పెరిగిందని కయాకింగ్ రద్దు చేసి పిల్లలతో మ్యాప్ పని చేయించామని చెప్పారు. టెంట్ల జట్లు పిల్లలు రహస్యంగా రాసిచ్చిన చీటీల్ని బట్టి వేస్తామన్నారు. వాడిని ఏడిపిస్తున్న సంగతి క్లాస్ టీచర్ దృష్టికి తెచ్చాను, ఆవిడ ఈ వారంలోనే ఆ పిల్లలతో మాట్లాడతానన్నారు.

వెళ్తానన్నాడు వాడు. ఒక షరతు పెట్టాడు: రాపెల్లింగ్ చెయ్యాలో వద్దో అక్కడికెళ్లాక తనే చెప్తాడట. ఆ మాట వాడి చేతే ఉత్తరంగా రాయించి లీడర్‌కి పంపాం. మ్యాప్ చదవడం ముందే నేర్చుకోవచ్చా అని అడుగుతున్నాడు, కొండబాట గారూ, ఎక్కడ మొదలుపెట్టమంటారు?

కొండబాట

చాలా సంతోషం అండి. మీ చుట్టుపక్కల ప్రాంతానిది కాంటూర్ గీతలున్న మ్యాప్ ఒకటి సంపాదించండి. ముందు తనకి బాగా తెలిసిన గుట్టో ఎత్తుపల్లాల దారో దాంట్లో వెతకమనండి. తెలిసిన నేలని కాగితం మీద గుర్తుపట్టడం వచ్చాక, తెలియని చోటు చూసి అక్కడ ఎత్తు ఎటువైపు ఉంటుందో ఊహించమనండి, తర్వాత వెళ్లి సరిచూసుకోమనండి. దిక్సూచి తర్వాత, తొందరలేదు.

ఇంకొకటి, బూట్లు కొత్తవి కొంటే ఈరోజు నుంచే వేయించండి. స్కూలుకీ, నడకకీ అవే వేసుకోమనండి. కొత్త బూట్లతో నేరుగా క్యాంపుకొచ్చే పిల్లలకి రెండో రోజుకే మడమ మీద బొబ్బలొస్తాయి. మడమ వేడెక్కినట్టు అనిపించిన వెంటనే ఆగి టేపు వేయించుకోవాలి, బొబ్బ లేచేదాకా ఆగకూడదు. "నలుగురూ నాకోసం ఆగాలా" అని మొహమాటపడి చెప్పనివాళ్లే ఎక్కువ. మీ వాడికి ఈ మాట ముందే గట్టిగా చెప్పండి.